రికార్డుకెక్కని ఏడు పేర్లు

పైడమ్మ భయపడని వస్తువంటూ ఈ లోకంలో లేదు. గ్యాస్ బండ మారిస్తే పేలుతుందని భయం. లిఫ్టెక్కితే మధ్యలో ఆగిపోతుందని భయం. కూతురు కారెక్కితే ఎదురుగా లారీ వస్తుందని భయం. అలాంటి మనిషికి శాసనసభ సందర్శకుల గ్యాలరీ గుమ్మంలో మార్షల్ ఒక చిన్న తెల్లటి బిళ్ళ ఇచ్చి, చెవి వెనక అంటించుకోమన్నాడు. "అలాగే నాయనా" అని తీసుకుంది. లోపలికెళ్ళి దాన్ని కొప్పుకి తగిలించి, పైన కొంగు కప్పేసింది.

చిన్నప్పటి నుంచీ ఆమెకి ఎడమ చెవి కారుతుంది. కారే చెవి పక్కన కరెంటు వస్తువు పెట్టుకుంటే లోపల ఏం మాడిపోతుందో ఎవరికి తెలుసు?

ఆ బిళ్ళని అందరూ చెవిబిళ్ళ అనేవారు. సభాపతి నుంచి టీ ఇచ్చే మనిషి దాకా సభలో అడుగుపెట్టిన ప్రతివారూ పెట్టుకోవలసిందే. పూర్వం సభాపతి "ఆ మాటలు రికార్డుల నుంచి తొలగిస్తున్నాను" అంటే మాట కాగితం మీద మాత్రమే పోయేది. విన్నవాళ్ళ తలల్లో ఉండిపోయి, సాయంత్రానికి ఊరంతా తిరిగేది. ఇది సభకి అవమానమని మూడేళ్ళ కిందట నియమం మార్చారు. ఇప్పుడు సభాపతి బల్ల మీద ఆకుపచ్చ దీపం వెలిగిందంటే ఆ మాట కాగితంలోంచే కాదు, సభలో కూర్చున్న ప్రతి తలలోంచీ పోతుంది. టీవీలో సభ పావుగంట ఆలస్యంగా వస్తుంది కాబట్టి అక్కడా కత్తిరిస్తారు. ఎన్ని నిమిషాలు పోయాయో మాత్రం గోడ మీద బోర్డులో పడుతుంది. సభ్యులకి ఇదంతా అలవాటైపోయింది. క్యాంటీన్‌లో ఉప్మా తింటూ "ఈ పూట ఎన్ని నిమిషాలు ఎగిరిపోయాయండీ?" అని ఒకరినొకరు అడుగుతూ నవ్వుకునేవారు.

ఆ రోజు జీరో అవర్‌లో పైడమ్మ కూతురు కుసుమ లేచింది. ఎమ్మెల్యే అయి ఐదు నెలలు. చేతిలో కాగితం.

"అధ్యక్షా! మా నాగులగెడ్డ మీద కాలినడక వంతెన కట్టిన నాలుగు నెలలకే కూలిపోయింది. బడి వదిలిన వేళ. ఏడుగురు పిల్లలు పోయారు. వాళ్ళలో ఆరేళ్ళ లోహిత నా కూతురు. పునాదులు చూడకుండానే పని బాగుందని సంతకం చేయించిన మనిషి ఈ సభలోనే, ముందు వరసలో కూర్చున్నారు. ఆయన పేరు కోలగొండ్ల భార్గవరావు."

సభ భగ్గుమంది. అధికారపక్షం వాళ్ళు బల్లలు చరుస్తూ లేచారు. మంత్రి భార్గవరావు మాత్రం లేవలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"సభ్యురాలు కూర్చోవాలి. ముందస్తు నోటీసు లేకుండా మంత్రిగారి మీద ఆరోపణ! ఆ మాటలు తొలగిస్తున్నాను" అన్నాడు సభాపతి.

ఆకుపచ్చ దీపం వెలిగింది. పైడమ్మ కొప్పులో దోమ తిరిగినట్టు సన్నగా చప్పుడైంది.

అరుస్తున్నవాళ్ళు నోళ్ళు తెరిచినవి తెరిచినట్టే ఆగిపోయారు. తాము ఎందుకు లేచారో తెలియక ఒకరి మొహాలొకరు చూసుకుని మెల్లగా కూర్చున్నారు. పైడమ్మ పక్కన కూర్చున్న ఆవిడ ఆవులించి, "ఇంకా మొదలవలేదాండీ?" అని అడిగింది. కింద కుసుమ ఒక్కతే నిలబడి ఉంది.

"అధ్యక్షా, నాకు అవకాశం ఇచ్చారా?"

"మీ సమయం అయిపోయిందమ్మా. కూర్చోండి."

ఉద్యోగి వచ్చి ఆమె చేతిలోని కాగితం తీసుకుపోయాడు. బోర్డు మీద మూడు నిమిషాలు పడింది.

పైడమ్మకి ఏమైందో తెలియలేదు. చూడకూడనిదేదో చూసేశానని మాత్రం అర్థమైంది.

* * *

సాయంత్రం ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో కుసుమ చెప్పులు విప్పుతూ, "ఇవాళా అవకాశం రాలేదమ్మా" అంది.

"ఒచ్చింది" అంది పైడమ్మ.

కుసుమ ఆగిపోయింది. "ఏంటి?"

"ఒచ్చింది. సెప్పీసావు. ఆడి పేరు కూడా ఎత్తీసావు. పచ్చ దీపం ఎలిగింది. అంతే, అందరూ బొమ్మల్లాగ అయిపోనారు. నాను సచ్చినంత బయపడ్డాను తల్లీ."

"నీకెలా గుర్తుందమ్మా?"

పైడమ్మ కొప్పు సంగతి చెప్పింది. కుసుమ ముందు తెల్లబోయి, తరవాత పడీ పడీ నవ్వింది. బిడ్డ పోయిన తరవాత కూతురు అలా నవ్వగా పైడమ్మ చూడలేదు. "భయం కూడా పనికొస్తుందన్నమాట! ఇంక నువ్వే నా రికార్డువి. ఏ రోజు ఏమన్నానో నువ్వు చెప్పు, దాని మీద మర్నాడు ఇంకో మాట కడతాను."

"అంత మందిలో ఆడి పేరు ఎత్తడం ఎందుకు? పేపరోలికి సెప్పీకూడదా?"

"బయట ఆ పేరు ఎత్తకూడదని కోర్టు ఉత్తర్వు తెచ్చుకున్నాడు కదా. ఎత్తితే జైలు. సభలో ఎమ్మెల్యే అన్న మాట మీద మాత్రం ఏ కోర్టులోనూ కేసు పెట్టడానికి వీల్లేదు. ఆ ఒక్క హక్కు కోసమే కదమ్మా మిగతా పిల్లల తల్లులు ఐదుగురూ ఊరూరూ తిరిగి నన్ను గెలిపించారు."

నిజమే. ఉప ఎన్నికలో చెరకు రసం బండివాడి దగ్గర నుంచి బీడీలు చుట్టేవాళ్ళ దాకా బతిమాలారు ఆ ఐదుగురూ. కుసుమ భర్త మాత్రం పాప పోయిన నెలకే ఎటో వెళ్ళిపోయాడు. ఇంట్లో మిగిలింది తల్లీ కూతుళ్ళిద్దరే.

కుసుమ నోటీసు ఇచ్చింది. విషయం కోర్టులో ఉందని తిప్పి పంపారు. మళ్ళీ ఇచ్చింది, మళ్ళీ పంపారు. నోటీసు లేకుండానే ఇంకో రెండుసార్లు లేచి, కాగితం చూసి చదివింది. రెండుసార్లూ దీపం వెలిగింది. రెండుసార్లూ ఇంటికొచ్చి తల్లిని అడిగింది, ఏమన్నానమ్మా అని. పైడమ్మ పూసగుచ్చినట్టు చెప్పింది.

రెండోసారి అయిన మర్నాడు అల్మారా సర్దుతూ కుసుమ ఒక గౌను తీసింది. "ఇది ఎప్పుడు కొన్నామమ్మా?"

"పాప పుట్టినరోజుకి నువ్వే కుట్టినావు కదే. మూడు రోజులు మిషను మీంచి లెగలేదు."

"నేనా?" అంది కుసుమ. నవ్వబోయి ఆగింది.

మూడోసారి తరవాత పైడమ్మ మాటల్లో మాటగా, పాప నీ చెవి తమ్మె పట్టుకుంటే గాని నిద్రపోయేది కాదు అంది. కుసుమ చపాతీ ఒత్తుతున్న చెయ్యి ఆపింది.

"ఎవరి చెవి?"

పైడమ్మకి వెంటనే చెడ్డవే తోచాయి. కూతురికి మెదడులో గడ్డేమో. పక్షవాతం రాబోతోందేమో. ఆ రాత్రంతా కూతురి ఊపిరి వింటూ పడుకుంది. అసలు జరుగుతున్నది మాత్రం ఆమె ఊహకి అందలేదు.

* * *

మర్నాడు గ్యాలరీలోంచి బయటికొస్తూ పైడమ్మ చెవిబిళ్ళ తిరిగి ఇచ్చింది. గుమ్మం దగ్గర బల్ల వెనక తెల్లకోటు వేసుకున్న ఒకావిడ ఆ బిళ్ళని చిన్న పెట్టె మీద పెట్టి చూసి, తలెత్తింది.

"ఇది మీ చర్మానికి తగల్లేదమ్మా. ఈ నెల్లో నాలుగు రోజులు వచ్చారు. ఒక్కసారీ తగల్లేదు."

పైడమ్మ రెండు చేతులూ జోడించింది. జైలే ఇక. "సెవి కారతాదమ్మా. తప్పయిపోనాది. మా అమ్మాయికి సెప్పకండి, పదవి పోతాది."

ఆవిడ పేరు డాక్టర్ ఇందుమతి. ఆ యంత్రం తయారుచేసింది ఆవిడే. పైడమ్మ ఎవరి తల్లో తెలుసుకోగానే ఆవిడ మొహం మారిపోయింది. చెయ్యి పట్టుకుని మెట్లు దిగి, సభ కింద ఉన్న తన గదిలోకి తీసుకెళ్ళింది. గోడ నిండా చిన్న చిన్న తెరలు. ఒక్కో తెర మీద ఒక్కో గీత, పాము నడిచినట్టు.

"మీ అమ్మాయి ఏమైనా మర్చిపోతున్నారా? సభలో మాటలు కాదు, ఇంట్లో సంగతులు?"

పైడమ్మ గౌను గురించి చెప్పింది. చెవి తమ్మె గురించి చెప్పింది. డాక్టర్ కుర్చీలో వెనక్కి వాలిపోయింది.

"మీరు వడియాలు పెడతారా అమ్మా?"

ఈ ప్రశ్న ఎందుకో అర్థం కాకపోయినా, "ముప్పై ఏళ్ళు అవే అమ్మి దీన్ని సదివించాను" అంది పైడమ్మ.

"అప్పుడే పెట్టిన వడియాన్ని వేలితో తుడిచేయవచ్చు కదా. కొత్తగా విన్న మాట అలాంటిది, పచ్చిగా ఉంటుంది. మా యంత్రం దాన్నే తుడుస్తుంది. ఎండిన పాత సంగతుల్ని ముట్టుకోలేదు అనుకున్నాం."

"ఎండిపోనాక గుడ్డకి అంటుకుపోతాది. గుడ్డ ఎనకాల నీళ్ళు సల్లితే గానీ రాదు."

"అదేనమ్మా! పాత సంగతిని మనసులోకి తెచ్చుకోవడం అంటే ఆ నీళ్ళు చల్లడమే. గుర్తు తెచ్చుకున్న కాసేపు అది మళ్ళీ పచ్చిదవుతుంది. ఆ క్షణంలో దీపం వెలిగితే..." డాక్టర్ వేలితో బల్ల మీద తుడిచి చూపించింది. "విన్నవాళ్ళకి విన్న మాట పోతుంది. చెప్పిన మనిషికి, చెప్పిన విషయమే పోతుంది."

పైడమ్మ గోడ వంక చూసింది. తెరల మీద గీతలు పాకుతున్నాయి.

"మరి తెలిసీ ఎందుకు ఎట్టినారమ్మా?"

"నిప్పుల్లో కాలిన పిల్లలకి పీడకలలు పోవాలని కనిపెట్టాను. వీళ్ళు చూశారు, తీసుకున్నారు. నేను రాసిచ్చిన హెచ్చరిక ఏడాదిగా ఒక కమిటీ దగ్గర ఉంది. నోటీసు ఇవ్వని సంగతి కాబట్టి దాన్ని చర్చకి తీసుకోరట." ఆవిడ నవ్వలేదు. "మీ అమ్మాయిని ఇక లేవనీకండి. ఇంకొక్కసారి అయితే ఏం మిగులుతుందో నేను చెప్పలేను."

* * *

ఇంటికెళ్ళి పైడమ్మ అంతా చెప్పింది. చెప్పి, కూతురి కాళ్ళ దగ్గర కూర్చుంది.

"రేపు సభకి ఆకరి రోజు కదా. ఊరుకో తల్లీ. నీ బిడ్డని నువ్వే తుడుసుకుంతావేటే?"

కుసుమ చాలాసేపు పాప ఫొటో చూసింది. పరాయి పిల్లని గుర్తు పట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు చూసింది.

"పొద్దున ఎర్రయ్యమ్మ ఫోన్ చేసిందమ్మా. కవల పిల్లలిద్దరూ పోయారు కదా ఆవిడకి. 'కుసుమమ్మా, సభ అయిపోతందట, మా గుంటల పేర్లు సదివావా?' అని అడిగింది. నేనేం చెప్పనూ? చదివాను, ఎవరికీ గుర్తు లేదు అని చెప్పనా?"

"ఇంకో ఎమ్మెల్యే సదవలేడేటి?"

"ఎవరి బిడ్డ పోయిందని చదువుతారు?" కుసుమ తల్లి తల నిమిరింది. "దానికోసం ఏడవడానికి నువ్వున్నావు కదా. నాకు గుర్తు లేకపోతే నువ్వు చెప్పు. నేను నమ్ముతాను."

తెల్లారగట్ల కూతురు స్నానానికి వెళ్ళగానే, పైడమ్మ బల్ల మీది నీలం ఫైలు తీసింది. పిల్లల పేర్లు, సంతకాల నకళ్ళు, కుసుమ రాసుకున్న ప్రసంగం, అన్నీ అందులోనే ఉన్నాయి. దాన్ని బియ్యం డబ్బాలో అడుగుకంటా దోపి, పైన బియ్యం పోసేసింది. కాగితం లేకపోతే ఏం చదువుతుంది? లేవదు. లేవకపోతే బిడ్డ మిగులుతుంది. పాపమే. ఆ ఐదుగురు తల్లుల ఉసురు తగులుతుంది. తగిలితే తనకే తగలనీ అనుకుంది.

కుసుమ ఇల్లంతా వెతికింది. తల్లి మొహం చూసింది. వట్టి చేతులతో కారెక్కి వెళ్ళిపోయింది.

పైడమ్మకి కాసేపు గుండె తేలికపడింది. తరవాత, కారుకి ఏమైనా అవుతుందేమోనని పాత భయం మొదలైంది. అన్నం వార్చింది. పొయ్యి కట్టేసిందో లేదోనని రెండుసార్లు చూసింది. మూడోసారి చూస్తున్నప్పుడు డాక్టర్ మాట మనసులో మెదిలింది. గుర్తు తెచ్చుకోవడం అంటే నీళ్ళు చల్లడం.

ఇన్నాళ్ళూ కుసుమ కాగితం చూసి చదివింది. మాట కాగితంలోంచి వచ్చింది. గుడ్డకి నాలుగు చుక్కలే తగిలాయి. ఇవాళ కాగితం లేదు. చెప్పాలంటే ఏడుగుర్నీ, లోహితని, పుట్టిన నాటి నుంచి గెడ్డలో దొరికిన నాటి దాకా అంతా లోపల్నుంచే తోడాలి.

"ఓలమ్మో, నానేటి సేసీసినాను!" అని పైడమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

* * *

గుమ్మంలో ఇచ్చిన బిళ్ళని కొప్పులో దోపుకుని ఆమె గ్యాలరీలో అడుగు పెట్టేసరికి దోమ చప్పుడు ఆగిపోతోంది. ఆకుపచ్చ దీపం ఆరింది. బోర్డు మీద పదకొండు నిమిషాలు ఉంది.

కింద సభ అంతా నిశ్శబ్దంగా ఉంది. కుసుమ నిలబడి ఉంది. చేతులు ఖాళీగా ఉన్నాయి. చెంపలు తడిగా ఉన్నాయి. ఆ తడిని వేలితో ముట్టుకుని, ఇదెక్కడిదన్నట్టు వేలు వంక చూసుకుంటోంది.

"అధ్యక్షా, నాకు అవకాశం..."

"అయిపోయిందమ్మా. కూర్చోండి."

కుసుమ కూర్చుంది. పక్క సభ్యురాలితో ఏదో అని చిన్నగా నవ్వింది. ఏ బరువూ లేని నవ్వు, పెళ్ళికి ముందు నవ్వే నవ్వు. పైడమ్మకి అది చూడగానే అర్థమైంది. సర్వం పోయింది. తను ఎన్నో చెడ్డవి ఊహించింది, ఇలాంటిది మాత్రం ఊహించలేదు. ఇక ఊహించడానికేమీ మిగల్లేదు.

ఆమె కూర్చోలేదు. మార్షల్ వచ్చి, "కూర్చోండమ్మా. ఇక్కడ నిలబడకూడదు, మాట్లాడకూడదు" అన్నాడు గుసగుసగా.

"మాటాడితే ఏటవుతాది?"

"సభని అవమానించినట్టు. పట్టుకుపోతారు. మీ మాట రికార్డుకి కూడా ఎక్కదు. గ్యాలరీలో మైకు లేదు."

"రికార్డుకి ఎక్కకపోతే తుడవడం ఎలగ?"

మార్షల్ బుర్ర గోక్కున్నాడు. "ఎక్కని మాటని తుడవరమ్మా. మైకులో పడ్డదానికే యంత్రం గుర్తు పెడుతుంది."

పైడమ్మ కటకటాల దాకా నడిచి, రెండు చేతులా ఇనప కమ్మీ పట్టుకుంది. వడియాలమ్మా అని వీధి వీధీ కేకేసిన గొంతు అది.

"అయ్యలారా! నాగులగెడ్డ వంతెన కూలి ఏడుగురు గుంటలు పోనారు. పేర్లు సెప్తాను, ఇనండి. బోని అప్పలకొండ, తొమ్మిదేళ్ళు. లెక్కలు బాగా సేసేది. గేదెల సన్యాసి, ఎనిమిదేళ్ళు. ఆడికి కొత్త బూట్లు, నీళ్ళల్లో పాడవుతాయని సేత్తో పట్టుకునున్నాడు, అలాగే దొరికాడు. ఎర్రయ్యమ్మ కవలలు రాజు, రోజా..."

సభ తలెత్తి చూసింది. సభాపతి ఆగకుండా గంట కొడుతున్నాడు. మార్షల్స్ వరసల మధ్య నుంచి వస్తున్నారు. పైడమ్మ కమ్మీ వదల్లేదు. ఐదో పేరు చెప్పింది, ఆరో పేరు చెప్పింది. ఒక్కొక్కరికీ ఒక సంగతి. తరవాత, "సంతకం ఎట్టించినోడు ఆడుగో, కళ్ళజోడు తుడుసుకుంటన్నాడు. కోలగొండ్ల భార్గవరావు!" అంది.

"తొలగిస్తున్నాను! తొలగిస్తున్నాను!" అన్నాడు సభాపతి. ఆకుపచ్చ దీపం వెలిగింది. దోమ చప్పుడైంది. ఏ తలలోంచీ ఏదీ పోలేదు. దీపం మళ్ళీ వెలిగింది. మూడేళ్ళలో మొదటిసారి, ఆ సభ విన్న మాటతో అలాగే కూర్చోవలసి వచ్చింది.

ఏడో పేరు దగ్గర పైడమ్మ కిందికి చూసింది. కింద కుసుమ తనవంకే చూస్తోంది. తల్లి చేస్తున్న పనికి బెదిరిపోతూ, ఆ పిల్లల కోసం కళ్ళు నీళ్ళు పెట్టుకుంటూ, అందరిలాగే వింటోంది. నా మనవరాలు అనే మాట పైడమ్మ నోటిదాకా వచ్చింది. అంత మంది మధ్య ఆ మాట తగిలితే అది తట్టుకుంటుందా? మింగేసింది.

"లోహిత. ఆరేళ్ళు. వాళ్ళమ్మ సెవి తమ్మె పట్టుకుంటే గానీ నిద్దరోయేది కాదు."

మార్షల్స్ ఆమె రెక్కలు పట్టుకున్నారు. కింద సభ్యుల కళ్ళన్నీ కుసుమ వైపు తిరిగాయి. తన నియోజకవర్గం కదా, అందుకే చూస్తున్నారనుకుంది కుసుమ.

* * *

సభ ముగిసేదాకా నిర్బంధం, తరవాత కోర్టు అన్నారు. మంత్రి పేరు ఎత్తినందుకు జైలు తప్పదన్నారు. ఒక చిన్న గదిలో బెంచీ మీద కూర్చోబెట్టారు. పైడమ్మకి ఆశ్చర్యంగా భయం వేయలేదు.

తలుపు అవతల వసారాలో అడుగుల చప్పుళ్ళు. సభ్యులు భోజనాలకి వెళుతున్నారు. ఎవరూ నిమిషాల గురించి జోకులు వేయడం లేదు. ఒక ముసలి గొంతు, అధికారపక్షం ఆయనే కావచ్చు, "చేత్తో బూట్లు పట్టుకుని ఉన్నాడటయ్యా... ముద్ద దిగడం లేదు నాకు" అంటూ దాటిపోయింది. ఇంకెవరో, "లోహిత తల్లి ఎవరని నన్నే అడిగిందండీ కుసుమగారు. పాపం ఆవిడకి ఎవరు చెబుతారు? చెప్పాలి కదా" అన్నారు. పైడమ్మ ఆ మాట వింది.

తలుపు తీసుకుని కుసుమ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా, నువ్వేనా? అగ్గిపుల్ల గీయడానికి భయపడేదానివి! నీకు లాయర్ని మాట్లాడాను. చర్చకి ఒప్పుకోక తప్పలేదు, రేపటికి సభ పొడిగించారు. నోటీసు మీద నలభై మంది సంతకాలు పెట్టారమ్మా, వాళ్ళవైపు వాళ్ళతో సహా."

"సంతోసం తల్లీ."

కుసుమ గోడకి ఆనుకుని నిలబడింది.

"ఆ ఆఖరి పాప... లోహిత. మిగతా ఆరుగురి తల్లులూ నాకు తెలుసు. ఈ ఒక్క తల్లే తెలీదు. నా ఊళ్ళో మనిషి నాకు తెలీకపోవడమేంటని నువ్వు చెప్పినప్పటి నుంచీ అదే ఆలోచనమ్మా. ఆవిడ ఉందా?"

"ఉంది."

"ఎలా ఉంది?"

పైడమ్మ తలుపు వైపు చూసింది. బయట అడుగులు దగ్గరవుతున్నాయి. ఇంకాసేపట్లో ఎవరో ఒకరు ఓదార్చడానికి వచ్చేస్తారు.

"నన్ను ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళమ్మా" అంది కుసుమ. "ఏం మాట్లాడాలో నాకు తెలీదు. ఊరికే ఆవిడ పక్కన కూర్చుంటాను. ఒంటరిగా ఉండకూడదు కదా అలాంటప్పుడు."

పైడమ్మ లేచి తలుపు గడియ పెట్టింది. తిరిగొచ్చి బెంచీ మీద ఓ పక్కకి జరిగి, చోటు చేసింది.

"రా" అంది. "కూకో."